ఎవరూ వద్దనలేదు

ఎతేరి పిన్ని ప్రతి డిసెంబరులోనూ స్ట్రాస్‌బుర్గ్‌కు వస్తుంది. వచ్చేది బస్సులో. దిగేసరికి కాళ్ళు వాచిపోయి బూట్లలో పట్టవు. సంచిలో అక్రోట్లు, పుల్లటి ఆల్‌బుఖారా పచ్చడి, మొక్కజొన్న పిండి. పిండి ఇక్కడా దొరుకుతుంది పిన్నీ అంటే, ఇక్కడిది పిండేనా అని ఒక చిన్న ఉపన్యాసం. అన్నిటికీ అడుగున తువ్వాలులో చుట్టిన ఫోటో ఒకటి. అది ఆమె కొడుకు గివీది.

ఆమె నాకు నిజంగా పిన్ని కాదు. మాది పక్క ఊరు, అంతే. నేనిక్కడ ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పి బతుకుతున్నానని ఎవరో చెప్తే, ఓ చలికాలం మా తలుపు తట్టింది. అంత దూరం నుంచి వచ్చి తలుపు తట్టిన మనిషి పిన్ని కాక ఇంకేమవుతుంది? మా దేశం పేరు మాత్రం చెప్పను. భయపడి కాదు. ఈ కథకు ఏ దేశం పేరు తగిలించినా సరిపోతుందని నా అనుభవం.

గివీని ఒకరోజు పొద్దున్నే పోలీసులు వచ్చి, అడగాల్సింది కాస్త ఉందని తీసుకెళ్ళారు. పొయ్యి మీద పాలు ఉన్నాయట. పొంగేలోపు వచ్చేస్తానన్నాడట. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు. మా దేశంలో ఏ కోర్టూ పట్టించుకోకపోతే పిన్ని యూరపు దేశాలన్నీ కలిసి ఇక్కడ పెట్టుకున్న మానవహక్కుల కోర్టుకెక్కింది. ఇక్కడి జడ్జీలు, అన్యాయం జరిగిన మాట నిజమే, ఆ అబ్బాయి ఏమయ్యాడో ప్రభుత్వం కనుక్కుని తల్లికి చెప్పి తీరాలి అని తీర్పిచ్చారు. తీర్పివ్వడం జడ్జీల పని. అది అమలయిందా లేదా అని వెంటపడి చూడడం కాలవకు అవతల జెండాల భవనంలో కూర్చునే దేశాల ప్రతినిధుల పని. అందరూ కలిసి ప్రజాస్వామ్యాన్నీ మనిషి హక్కులనూ కాపాడడానికి పెట్టుకున్న ఇల్లది. మూడు నెలలకోసారి పాత తీర్పుల మీద కూర్చుంటారు. గివీ పేరు వచ్చినప్పుడల్లా మావాళ్ళు లేచి దర్యాప్తు జరుగుతోందంటారు. మిగతావాళ్ళు విచారం వ్యక్తం చేస్తారు. ఆ తర్వాత భోజనానికి లేస్తారు.

పిన్ని ఆ సమయానికి ట్రామ్ దిగేచోట ఫోటో పట్టుకుని నిలబడుతుంది. అరవదు, ఎవరినీ ఆపదు. గేటు దగ్గరి కాపలావాడు ఫ్లాస్కులోంచి కాఫీ పోసిస్తే రెండు చేతులా పట్టుకుని తాగుతుంది. తన కొడుకు కేసు లోపల ఇంకా తెరిచే ఉందని చాటడానికే ఆమె అక్కడ నిలబడేది. తెరిచి ఉన్నంతకాలం గివీని ఎవరో ఒకరు వెతకాలి. వెతుకుతున్నంతకాలం అతను ఎక్కడో ఉన్నట్టు. ఆమె లెక్క అది. ఆ లెక్క మీదే ఆమె తింటోంది, నిద్రపోతోంది, బస్సెక్కుతోంది.

మావైపు విందుల్లో ద్రాక్షసారా గ్లాసు ఎత్తితే ఎవరి పేరైనా చెప్పాలి. బతికున్నవాళ్ళ పేరైతే గ్లాసులు ఒకదానికొకటి తాటిస్తాం. పోయినవాళ్ళ పేరైతే తాటించం, రొట్టె ముక్క మీద నాలుగు చుక్కలు పోసి తాగుతాం. గివీ పేరుకు పిన్ని ఎప్పుడూ గ్లాసు తాటించింది. శవాన్ని కళ్ళతో చూడనిదే తల్లి తన బిడ్డ పేరూ చావు మాటా ఒక్క ఊపిరిలో అనకూడదు. పోలేదని అనడానికి కూడా ఆ మాట నోట్లోకి రావాలి కదా, అందుకని అదీ అనదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మావైపు ఎవరైనా ఏదైనా అడిగితే మొహం మీద వద్దనం. పొలం అడగనీ, పిల్లనడగనీ, ఇష్టం లేకపోతే నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంటాం. అడిగినవాడు అర్థం చేసుకుని, పోసింది తాగి, వాతావరణం గురించి రెండు మాటలు చెప్పి లేచిపోతాడు. మా ఆయన రేమీ ఈ ఊరివాడు. నన్నిమ్మని అడగడానికి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న ఇలాగే కిటికీలోంచి కోళ్ళను చూస్తూ కూర్చున్నాడు. రేమీ కాసేపు చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, లేచి మా నాన్నను గట్టిగా కౌగిలించుకున్నాడు. కౌగిలించుకున్నవాణ్ణి ఇంకేం చేస్తానే అని మా నాన్న చచ్చేదాకా వాపోయాడు. ఈ కథ పిన్నికి మహా ఇష్టం. వచ్చినప్పుడల్లా నాచేత చెప్పించుకుని, రేమీ వంక చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వేది.

ఈ మధ్య భవనానికి సంస్కరణల జ్వరం పట్టుకుంది. పట్టుకోవడంలో తప్పు లేదు. తీర్పులు కొండలా పేరుకున్నాయి, కొన్ని దేశాలు వాటిని చెత్తబుట్ట దగ్గర పెట్టాయి, డబ్బు చాలడం లేదు, జనానికి నమ్మకం పోతోంది. ఈ ఇంటిని బాగుచేయకపోతే కూలిపోతుందని మంచివాళ్ళే అన్నారు. కమిటీ వేశారు. కమిటీ చాలాకాలం కూర్చుని, నెత్తిన బరువు ఎక్కువైంది గనుక మూట విప్పి, మొయ్యలేనివి దారిపక్కన దించేద్దామని తేల్చింది. అంటే, ఎన్నేళ్ళు చూసినా కదలని పాత కేసుల మీద నిఘా ముగించి, కొత్తవాటి మీద మనసు పెట్టడం. మొదట దించే మూటల్లో గివీ ఉన్నాడు. దర్యాప్తును కదలనివ్వనివాళ్ళే, కదలడం లేదు కనుక మూసేయండని అడగొచ్చన్నమాట. చదువుకున్నవాళ్ళు చేసే పనులు చూస్తే నాకు ఒక్కోసారి చెయ్యి దురద పెడుతుంది.

అక్కడ పెద్ద నిర్ణయాలకు చేతులెత్తరు. ముసాయిదాను అన్ని దేశాలకూ పంపి, ఫలానా రోజు మధ్యాహ్నం దాకా గడువిస్తారు. ఆలోగా ఒక్క దేశం కాదని రాసినా అది ఆగిపోతుంది. ఎవరూ కిక్కురుమనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఎవడి చేతికీ మట్టి అంటదు. దేశాల మధ్య గొడవలు రాకుండా కనిపెట్టిన గొప్ప ఉపాయమని వాళ్ళకు దాని మీద గర్వం కూడా.

మొదటి ముసాయిదాకు కాదని రాసింది సోల్వెగ్. ఉత్తరాన ఒక చిన్న చలిదేశం తరఫు ప్రతినిధి. అందరూ కార్ల అద్దాలెత్తుకుని పోతుంటే ఓసారి వానలో దిగి, పిన్ని చేతిలోని ఫోటోను వంగి చూసిన మనిషి ఆమె ఒక్కర్తే. కుటుంబాన్ని పిలిచి అడగకుండా ఏ కేసూ మూయడానికి వీల్లేదని పట్టుబట్టి, ఒక వాక్యం చేర్పించింది. దాంతో పిన్నికి లోపలికి రమ్మని పిలుపొచ్చింది. గురువారం ఉదయం ఆమెను అడుగుతారు, అదే మధ్యాహ్నం పన్నెండుకు కొత్త గడువు తీరుతుంది. సభలు ముగిసేలోపు అయిపోవాలని తొందర.

పిన్ని ఆ రోజు నల్లకోటు బ్రష్షుతో రుద్దుకుని వేసుకుంది. ఇన్నేళ్ళూ బయట నిలబడ్డ భవనంలోకి అదే మొదటిసారి వెళ్ళడం. మెట్లెక్కుతూ నా మోచెయ్యి పట్టుకుని, "వీళ్ళు మంచివాళ్ళే లమారా, పిలిచారు కదా," అంది.

చిన్న గది. సమావేశానికి అధ్యక్షుడు, రాసుకునే ఇద్దరు, ఒక మూల సోల్వెగ్, మాకు ఎదురుగా మా ప్రభుత్వం మనిషి తెమూర్. తెమూర్‌ది కూడా మావైపే. వాళ్ళమ్మ చేసే ఆల్‌బుఖారా పచ్చడి గురించి కాఫీ దగ్గర నాతో ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. పిన్నిని చూడగానే లేచి నిలబడి, "నమస్కారం పెద్దమ్మా, ప్రయాణం బాగా జరిగిందా," అని అడిగి కుర్చీ లాగాడు. మర్యాదకు మావాళ్ళ తర్వాతే ఎవరైనా.

తర్వాత కూర్చుని ఫ్రెంచిలో చదివాడు. ప్రభుత్వం చేయగలిగిందంతా చేసింది, సాక్షుల్లో కొందరు గతించారు, మిగిలినవాళ్ళకు గుర్తులేదు, కొత్తగా తెలిసేదేమీ లేదు. నేను పిన్ని చెవిలో ఒక్కో మాటా చెబుతున్నాను. నా ఉద్యోగానికి సొంత నోరు లేదు. ఎవరు మాట్లాడితే వాళ్ళయిపోయి, నేను అని చెప్పాలి. ఆ పావుగంటా నేనే తెమూర్‌ని.

అధ్యక్షుడు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన పిన్ని వైపు వంగి అడిగాడు, నేను చెప్పాను. "అమ్మా, మీ అబ్బాయి చనిపోయినట్టు భావించాలని మీ ప్రభుత్వం అంటోంది. ఇక నిఘా ముగించమని కోరుతోంది. మీకేమైనా అభ్యంతరం ఉందా?"

ఆ మాటను నా నోటితో, మా భాషలో, ఆ తల్లి చెవిలో వేశాను. పిన్ని నా వంక ఒక్కసారి చూసింది. తర్వాత మెల్లగా కిటికీ వైపు తిరిగి, కాలవలో పోతున్న పడవను చూస్తూ కూర్చుంది.

అధ్యక్షుడు ఓపిగ్గా ఆగాడు, తొందరలేదమ్మా అన్నాడు, మళ్ళీ ఆగాడు. పిన్ని తల తిప్పలేదు. కుటుంబానికి అభ్యంతరం లేదని అనుకోవచ్చా అని ఆయన చుట్టూ చూశాడు. రాసుకునేవాళ్ళ చేతులు కదిలాయి.

నేను మైకు నొక్కాను. ఇది అనువాదం కాదు, నా మాట అన్నాను. మా దేశంలో ఇలా ముఖం తిప్పుకుంటే వద్దనడమని చెప్పాను. ఆయన నాకు కృతజ్ఞతలు చెప్పి, ఆమె అన్నది మాత్రమే చెప్పమని కోరాడు. ఆమె అంటున్నది అదేనన్నాను. ఆమె ఏమీ అనలేదు కదా అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు.

పిన్ని భుజం పట్టుకుని ఊపాను. "పిన్నీ, వద్దని పైకి అను. వీళ్ళకి అర్థం కావట్లేదు."

"చెప్పాను కదే," అంది పిన్ని, పడవ మీంచి కళ్ళు తీయకుండానే.

ఆమె ఏమంటోందని అధ్యక్షుడు ఆత్రంగా అడిగాడు. నా ఉద్యోగం నేను చేయాలి. చెప్పాను కదా అంటోందని చెప్పాను. ఆయన తలూపి, అయితే కుటుంబం చెప్పాల్సింది ఇంకేమీ లేదన్నమాట అని రాయించాడు.

అప్పుడు తెమూర్ వైపు తిరిగి మా భాషలోనే అడిగాను. "తెమూర్ గారూ, మీకు తెలుసు. మీ అమ్మగారు ఇలా కూర్చుంటే మీరేమనుకుంటారు? ఆ ఒక్క మాట వీళ్ళకి చెప్పండి, పుణ్యముంటుంది."

తెమూర్ కలానికి మూత పెట్టాడు. పిన్ని వంక చూడలేదు, నా వంకా చూడలేదు. కుటుంబం వైపు నుంచి అభ్యంతరం రాలేదన్న విషయాన్ని మా ప్రభుత్వం గమనించింది అని ఫ్రెంచిలో అన్నాడు. అతనికి తెలియక కాదు. తెలిసి ఊరుకున్నాడు. తెలియనివాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, పోతుంది. తెమూర్ మీద వచ్చింది ఇంకా పోలేదు. నా మైకు దీపం ఆరిపోయింది. పైనుంచి ఎవరో తీసేశారు.

అందరూ లేచారు. బయటివాళ్ళు లోపల ఉండకూడదు గనుక ఒక ఉద్యోగి పిన్నిని మర్యాదగా గేటు దాకా తీసుకెళ్ళాడు. నేను వసారాలో సోల్వెగ్‌ను పట్టుకున్నాను. జరిగింది చెప్పాను. ఆవిడ చాలా హుందాగా అంగీకరించింది అనుకున్నాను అంది. వెంటనే తన రాజధానికి ఫోన్ చేసింది. ఆమె మాట్లాడుతుంటే నేను కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. చాలాసేపు బతిమాలింది, ఒకసారి గొంతు కూడా పెంచింది. వాళ్ళ భాష నాకు రాదు గానీ, పనికాలేదని తెలియడానికి భాష రానక్కర్లేదు.

ఫోన్ పెట్టేసి గోడకానుకుంది. తాము చేర్పించిన వాక్యానికి తామే ఎలా అడ్డుపడతామని వాళ్ళ మంత్రిత్వశాఖ అడిగిందట. కుటుంబాన్ని పిలవమన్నారు, పిలిచారు. ఇంకేం కావాలి? పిన్ని ఇప్పుడు పైకి వద్దంటే సరిపోదా అని అడిగాను.

"ఒక్కసారే అడగాలని రాసింది నేనే," అంది సోల్వెగ్. "అలా రాస్తే తప్ప మిగతావాళ్ళు ఒప్పుకునేలా లేరు."

ఆమెను తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో మంచిది ఆమే గనుక తిట్టడానికి దొరికిందీ ఆమే. కానీ కళ్ళు తుడుచుకుంటున్న మనిషిని ఏమంటాం? ఇద్దరం అలాగే నిలబడ్డాం. పన్నెండు దాటింది. గంట మోగలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె ఫోన్ ఒకసారి బుర్రుమంది. అభ్యంతరాలు రాలేదు, సంస్కరణ ఆమోదం పొందింది, సహకరించినందుకు అందరికీ ధన్యవాదాలు.

ఇంటికెళ్ళేసరికి పిన్ని బూట్లు విప్పుకుని, వంటింట్లో రేమీకి మొక్కజొన్న రొట్టె ఎలా కాల్చాలో సైగలతో నేర్పుతోంది. బల్ల మీద ద్రాక్షసారా సీసా, మూడు గ్లాసులు. ఆమె ముఖంలో ఎన్నడూ లేని తేట ఉంది. మనసులోది లోపలికెళ్ళి చెప్పి వచ్చిన మనిషి ముఖమది.

"ఏమన్నారే? మిగతా దేశాలవాళ్ళు ఏమన్నారు?"

ఎవరూ ఏమీ అనలేదన్నాను. ఒక్కరూనా అంది. ఒక్కరూ నోరు మెదపలేదన్నాను.

పిన్ని చేతిలోని పిండి దులుపుకుని రొమ్ముమీద చెయ్యి వేసుకుంది. "అన్ని దేశాలూ? అందరూ వద్దనేశారూ? చూశావా, నేను చెప్పలా మంచివాళ్ళని." గ్లాసుల్లో పోసింది. మొదటిది ఎత్తి, గివీ పేరు చెప్పి, తాటించమని నా వైపు చాపింది.

నేను తాటించలేకపోయాను. తాటిస్తే ఆ పూట గడిచిపోయేది. ఆమె సంతోషంగా బస్సెక్కేది. వచ్చే డిసెంబరులో మళ్ళీ వచ్చి, ఎవరూ వెతకని కొడుకు ఫోటో పట్టుకుని ఆ చలిలో నిలబడేది. అది నావల్ల కాదు.

"పిన్నీ," అన్నాను, "అక్కడ ఎవరూ మాట్లాడకపోతే వద్దని కాదు. సరేనని."

ఆమె గ్లాసు అలాగే పట్టుకుని ఉంది. అర్థం కాలేదు. రేమీ వైపు చూసింది. రొట్టె పెనం పట్టుకుని నిలబడ్డ రేమీ ఏమీ తెలియక ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక మెల్లగా అర్థమైంది.

"అందరూ మీ ఆయనలాంటివాళ్ళేనా?"

అవునన్నాను.

"మరి నేను?" అంది. చాలా చిన్న గొంతుతో, "నేనూ సరేనన్నట్టేనా?"

నేను సీసాకు మూత బిగించాను. జీవితమంతా మాటలమ్ముకుని బతికినదాన్ని. ఆమె కిటికీ వైపు తిరగబోయి, సగంలో ఆగిపోయింది. ఇక ఆ పని కూడా ఆమెకు చేతకాలేదు. గ్లాసు దించింది. బల్ల మీద రొట్టె ముక్కలున్న పళ్ళేన్ని తన దగ్గర్నుంచి దూరంగా, గోడ దాకా జరిపింది. పొరపాటున కూడా ఒక్క చుక్క వాటి మీద పడకుండా గ్లాసుకు అరచెయ్యి మూత పెట్టింది.

తర్వాత చాలాసేపటికి, వీళ్ళ భాషలో వద్దనడం ఎలా అని అడిగింది. చెప్పాను. ఒక్క అక్షరమే, ముక్కులోంచి పలకాలి. ఆమె ఆ సాయంత్రమంతా గిన్నెలు కడుగుతూ, అక్రోట్లు పగలగొడుతూ, దాన్నే పలికి చూసుకుంది. నోఁ. నోఁ. ఊళ్ళో పుట్టి బుద్ధెరిగాక ఎవరి మొహం మీదా అనని మాట. రేమీ పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

శుక్రవారం ఆమె బస్సు మధ్యాహ్నం. పొద్దున్నే ట్రామ్ దిగేచోటికి వెళ్దామంది. నాకు అక్కడ పనేమీ లేదు. అనువాదకుల నియమం మీరినందుకు ఇక రానక్కర్లేదని ముందురోజే కబురొచ్చింది. అయినా వెళ్ళాను. మంచు పట్టి ఉంది, జెండాలు తడిసి కర్రలకు అతుక్కుని ఉన్నాయి. పిన్ని ఈసారి పక్కన కాదు, గేటుకు ఎదురుగా నిలబడింది. వచ్చే ప్రతి కారుకూ ఫోటో ఎత్తి, నోఁ అంటోంది. గట్టిగా కాదు, అరవడం ఆమెకు రాదు. పక్కింటావిడతో చెప్పినట్టు అంటోంది. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి. తెమూర్ కారు కూడా వచ్చింది. అతను కళ్ళు దించుకున్నాడు. నోఁ, అంది పిన్ని. కారు లోపలికెళ్ళిపోయింది.

వచ్చేవాళ్ళంతా వచ్చాక కాపలావాడు ఎప్పట్లాగే తన గదిలోంచి బయటికొచ్చాడు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి, పొగలు కక్కుతుండగా ఆమె ముందు పట్టుకుని, కావాలా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఇన్నేళ్ళుగా దానికి ఆమె జవాబు చెప్పేది కాదు, చేతులు చాపేది.

నోఁ, అంది పిన్ని.

అతను కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు చలికి నీలంగా ఉన్నాయి. కాఫీ అంటే ఆమెకు చాలా ఇష్టం.